కట్ట మీద పాళి

నల్లా విప్పితే నీళ్ళు వస్తయి. రాకపోతే నగరసేవకుణ్ణి తిడతం. ఆ నీళ్ళు ఎక్కడ ఆగినయి, ఏ కట్ట వెనకాల నిలబడి మన బిందెలోకి వచ్చినయి అని గిర్ని బస్తీలలో పెరిగిన మనం అడిగేది తక్కువ. పాళికి టైమైతుందనే తొందరలోనే మన బతుకులు గడిచినయి.

నేను షోలాపూర్‌లో పుట్టిన. నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన. గిర్నిలో వైండింగ్ ఖాతాలో పద్దెనిమిదేండ్లు, గిర్ని మూతబడ్డంక టవల్ కార్ఖానాలో ఇంకో ఇరవై ఏండ్లు నూలు చుట్టిన. ఇప్పుడు చంద్రపూర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్న. అల్లునిది బొగ్గు గనిలో పని. మన పత్రిక షోలాపూర్ నుంచి చుట్టాలు పంపుతరు. అందులో నీళ్ళ కష్టం గురించి రాసేటోళ్ళు చాలామంది ఉన్నరు. నీళ్ళను ఆపే కట్ట గురించి నేను రాస్తున్న.

చంద్రపూర్ ఊరికి నీళ్ళు ఇరై నది మీది డ్యామ్ నుంచి వస్తయి. తాడోబా అడవికి మోహర్లీ దిక్కు పోయే తోవలో కనబడుతది. సిమెంటు గోడ అనుకుంటం గాని, అది చాలా మటుకు మట్టి కట్టనే, గేట్లు ఉన్న కాడనే కట్టుడు పని. థర్మల్ పవర్ స్టేషన్ కోసం దాన్ని కట్టిన్రు. ఆ థర్మల్ ఇప్పుడు 2920 మెగావాట్లది. బొగ్గు ఎంత కావాలో నీళ్ళు అంత కావాలె దానికి. ఆవిరి చేయడానికి నీళ్ళే, చల్లార్చడానికి నీళ్ళే. అదే డ్యామ్ నుంచి ఊరు తాగాలె. 2010 ఎండకాలంలో డ్యామ్ అడుగంటితే థర్మల్‌లో యూనిట్లే ఆపాల్సి వచ్చింది. ఇక్కడ ఎండ 47 డిగ్రీలు దాటుతది. అట్లాంటి దినాలలో నల్లా రాకపోతే ఎట్లుంటదో చెప్పే పని లేదు. మళ్ళా 2022 జులైలో వాన దంచికొడితే, పల్లపు బస్తీలలో ఇండ్లలోకి నీళ్ళు వచ్చినయి. ఇరై పోయి వార్ధా నదిలో కలుస్తది. వార్ధా నిండుగ ఉంటే ఇరై నీళ్ళకు పోయే తోవ ఉండదు, వెనక్కి తన్నుతది. వైశాఖంలో ఏ నీళ్ళ కోసం బిందెలు వరుస పెడతమో, ఆషాఢంలో అదే నీళ్ళకు భయపడి బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కిస్తం.

మట్టి కట్ట నీళ్ళు మనకు కొత్త కాదు. షోలాపూర్‌లో మనం హిప్పర్గా చెరువు అనేది, అదే ఏక్రుఖ్ చెరువు, 1871లో ఇంగ్లీషోళ్ళు పూర్తి చేసిన మట్టి కట్ట. ఉజనీ నీళ్ళు రాకముందు ఊరు దాని మీద ఆధారపడి ఉండె. ముంబయి చాళ్ళలో ఉన్న మనోళ్ళ తాతలు తాగిన విహార్ చెరువు నీళ్ళు 1860 నాటివి, అదీ మట్టి కట్టనే. ఈ చంద్రపూర్ జిల్లాలోనైతే లెక్కలేనన్ని ఉన్నయి. గోండు రాజుల కాలంలో అడవి కొట్టి చెరువు తవ్వినోళ్ళకు భూమి ఇచ్చిన్రు. కోహళీ అనే కులంవాళ్ళు చెరువులు కట్టుడులో పేరుపడ్డోళ్ళు. మాల్‌గుజారీ చెరువులు అని ఇప్పటికీ అంటరు. చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాలలో కలిపి వేలకు వేలు ఉన్నయి. ఆ తర్వాత ఇంగ్లీషోళ్ళ కాలంలో అసోలా మేండా, ఘోరాఝరీ వంటి పెద్ద చెరువులు వచ్చినయి. అవి వందేండ్లవి, ఇంకా నీళ్ళిస్తున్నయి.

మాల్‌గుజారీ 1950 చట్టంతో పోయింది. దొరతనం పోవుడు మంచిదే. చెరువులు సర్కారువైనయి. కాని దొర ఇంటి ముందర చెరువు చూసుకునే మనిషి ఒకడు ఉండేటోడు, ఆ మనిషి సుత పోయిండు. మా నాయనమ్మది కరీంనగర్ దిక్కు పల్లె. ఆమె చెప్పేది, ఊర్లో నీరటి అని ఒకాయన ఉండేటోడట. తూము ఎత్తేది, దించేది, ఎవరి మడికి ఎంత నీళ్ళు అని చూసేది ఆయనే. వాన రాత్రి లాంతరు పట్టుకొని కట్ట పొడుగునా తిరిగేటోడట. పంటకాలంలో ఇంటింటి నుంచి ఆయనకు ఇంత వడ్లు కొలిచేది. ఆ కొలిచే వడ్లు ఆగిపోయినంక నీరటి పని సుత ఆగిపోయింది.

ఇగ అసలు సంగతికి వస్త. మా వియ్యపురాలిది రాజూరా తాలూకాలో ఒక పల్లె. రాజూరా మునుపు నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండె. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు ఇటు వచ్చింది, 1959లో ఈ జిల్లాలో కలిసింది. అందుకే అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆ పల్లె పేరు రాయను. నలభై రెండు ఇండ్లు. ఊరికి మీద ఒక చిన్న చెరువు, మట్టి కట్ట. కట్ట కింద పెద్ద బాయి. చెరువు నిండితే బాయి ఊరుతది, బాయి నీళ్ళు టాకీకి ఎక్కిస్తరు, టాకీ నుంచి ఇంటింటికి నల్లా. పొలాలకూ, పశువులకూ అదే చెరువు. అది ఎండితే ఊరు ఎండినట్టే. తెగితే మాత్రం, కట్ట కింద ఉన్న పదకొండు ఇండ్లు ముందు పోతయి.

రెండేండ్ల కింద శ్రావణంలో నా బిడ్డ పురిటికని అత్తగారింట్లోనే ఉండె. గనిలో సెలవు దొరకక అల్లుడు ఇక్కడ, నేను అక్కడ. ఆ ఇల్లు ఆ పదకొండు ఇండ్లలో ఒకటి. మూడు దినాలు వాన విడవలేదు. నాలుగో దినం పొద్దున జర తెరిపిచ్చింది. పసిపిల్ల గుడ్డలు ఉతుకుదామని కట్ట కింద కాలువ కాడికి పోయిన. ఆ కాలువలో ఎప్పుడూ సన్నగ నీళ్ళు పారుతుంటయి, కట్టలో నుంచి ఊరి వచ్చే నీళ్ళు. అద్దంలాగ తేటగ ఉంటయి. ఆ పొద్దు ఉతికిన తెల్ల గుడ్డ పిండుతుంటే చాయ రంగు దిగింది. మళ్ళీ ముంచిన, ఇంకా చిక్కగ అయింది. వైండింగ్‌లో ముప్పై ఎనిమిదేండ్లు తెల్ల నూలు మీద మరక ఏడ ఉందో చూసిన కండ్లు ఇవి. వాన నీళ్ళు కలిసినయేమో అనుకుందామంటే, వాన ఆగి రెండు గంటలైంది. కాలువ పొంటి పైకి నడిచిన. తూము పక్కన, కట్ట అడుగున, పిడికిలి పట్టేటంత పొక్కలో నుంచి మట్టి నీళ్ళు బుడబుడ వస్తున్నయి. పొక్క నోటి కాడ సన్న మట్టి పుట్టలాగ పేరుకున్నది.

మా వియ్యపురాలిని పిలిచిన. ఆమె పోయి చేపలు పట్టే కాకను పిలుచుకొచ్చింది. డెబ్బై దాటినోడు, చెరువులోనే పుట్టి పెరిగిండు. చూసి ఒక్కటే మాట అన్నడు. “వదినా, తేట నీళ్ళు కారితే కట్టకు చెమట పట్టినట్టు. మట్టి నీళ్ళు కారితే కట్ట లోపల కరుగుతున్నట్టు.”

ఇక్కడ కట్ట సంగతి చెప్పాలె, లేకపోతే ఆ మాట బరువు అర్థం కాదు. మట్టి కట్ట తన బరువుతో నీళ్ళను ఆపుతది. అందుకే అడుగున వెడల్పు, మీదికి పోయే కొద్ది సన్నం. నడుమ నల్లమట్టి పోస్తరు, అది నీళ్ళను పోనియ్యదు. ఒట్టి నల్లమట్టి ఎండితే పగులుతది, నానితే జారుతది, కాబట్టి రెండు దిక్కులా మొరం కప్పుతరు. ఒక్కసారి కుప్ప పోస్తే కట్ట కాదు. జానెడు మందం పోసి, తడిపి, గట్టిగ తొక్కించి, దాని మీద ఇంకో పొర. నీళ్ళ దిక్కు అలలు కొయ్యకుండ రాళ్ళు పేరుస్తరు. పొలాల దిక్కు వాన కొయ్యకుండ గడ్డి పెంచుతరు. ఎంత మంచి కట్టలోనైనా కొన్ని నీళ్ళు ఊరుతయి, దానికి భయం లేదు. ఆ నీళ్ళు తమతో మట్టి గింజలు తెచ్చుడు మొదలుపెడితేనే ముప్పు. గింజ పోయిన కాడ సందు, సందు పెద్దదై పొక్క, పొక్కలో నీళ్ళ జోరు పెరిగి ఇంకా మట్టి. ఒక్కసారి జోరు అందుకుంటే కొన్ని గంటలల్లనే కట్ట పోవచ్చు. తూము పక్కన ఈ పొక్క తొందరగ పడుతది, ఎందుకంటే రాతి కట్టుడుకూ మట్టికీ ఎంత తొక్కినా సందు ఉంటది.

పిల్లగాండ్లు సిమెంటు సంచి తెచ్చి పొక్క నోరు మూస్తమన్నరు. కాక ఒప్పుకోలేదు. “నోరు మూస్తే నీళ్ళు ఆగుతయా? ఇంకోచోట పగులుతయి” అన్నడు. ముందుగాల ఆ పొక్క మీద దొడ్డు ఇసుక పోయించిండు. ఇసుక మీద సన్న కంకర, కంకర మీద రాళ్ళు. చుట్టూ ఇసుక సంచులు పేర్చినం. నీళ్ళు పోవాలె, మట్టి మాత్రం ఆగాలె. చాయ గంటెలో గుడ్డ కట్టి వడపోసినట్టే. నడుములదాకా బురదలో నిలబడి ఊరంతా తట్టలు మోసినం. నా వయసు చూసి వద్దన్నరు గాని, నా బిడ్డ, దాని పిల్ల ఆ కట్ట కిందనే ఉన్నరాయె, నేనెట్ల కూసుంట?

ఇంకో పని చేయాల్సి వచ్చింది. ఆ చెరువు మత్తడి మీద కొందరు ఇసుక సంచులు పేర్చి పెట్టిన్రు, నీళ్ళు ఇంకో మూరెడు ఎక్కువ నిలుస్తయని. దాని ముందర చేపలు పోకుండ వల, కంపలు. మత్తడి అంటే చెరువుకు కట్టిన గిన్నె అంచు లాంటిది. నిండినంక నీళ్ళు అటు నుంచే పోవాలె. అది మూసుకపోతే నీళ్ళు కట్ట మీది నుంచి దుంకుతయి, మట్టి కట్ట మీది నుంచి నీళ్ళు దుంకితే అది నిలవదు. ఆ సంచులు పెట్టినోళ్ళలో మా వియ్యంకుని అన్న సుత ఉన్నడు. పంటకు నీళ్ళని పెట్టిండు, దురాశకు కాదు. సంచులు తీస్తుంటే ఆయన ఏమనలేదు, తానే రెండు మోసి పక్కన పడేసిండు. సాయంత్రానికి నీళ్ళు కొద్దికొద్దిగ దిగినయి. ఆ రాత్రి పదకొండు ఇండ్లోళ్ళను బడిలో పండుకోబెట్టినం, బడి మెరక మీద ఉంది. పసిపిల్లను కొంగులో చుట్టుకొని నేను ఆ రాత్రి కన్ను మూయలేదు. తెల్లారి కాక వచ్చి సీసాలో నీళ్ళు పట్టి చూపించిండు. తేటగ ఉన్నయి.

సంబంధించిన ఆఫీసుకు మొదటి దినమే ఫోన్ చేసినం. మనిషి నాలుగో దినం వచ్చిండు, చూసిండు, రాసుకున్నడు, వానలు పోయినంక అన్నడు. ఎండకాలం చెరువు తగ్గినంక నీళ్ళ దిక్కు తవ్వి, నల్లమట్టి పొరలు పొరలుగ పోసి తొక్కినం. అది ఊరి చెమటనే.

ఆ పొక్క ఒక్క రాత్రిలో పడలేదు. తూము పక్కన ఒక పెద్ద తుమ్మ చెట్టు ఉండెనట, కొన్నేండ్ల కింద కొట్టేసిన్రు. మొదలు కొట్టినరు గాని వేర్లు లోపలనే ఉన్నయి. వేరు కుళ్ళితే దాని జాగ ఖాళీ గొట్టమైతది. ఆ గొట్టంలో పందికొక్కులు, ఎండ్రికాయలు చేరుతయి. ఎన్నో దినాల నుంచి ఆ కాడ నేల తడిగనే ఉండెనట. “నేను చూసిన” అన్నోళ్ళు నలుగురున్నరు. చూసిన మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అది ఎవరి పనీ కాదు.

అప్పుడు నాకు గిర్ని యాదికొచ్చింది. గిర్నిలో పాళి మారేటప్పుడు ఎదురు మనిషి వచ్చేదాకా నా మిషిన్ నేను విడిచేది కాదు. ఏ స్పిండిల్ సతాయిస్తుంది, ఏ నూలు తెగుతుంది అని చెప్పి అప్పగించి పోయేది. జాబర్ పుస్తకంలో రాసేటోడు. మిషిన్ ఎవ్వరి సొత్తూ కాదు, కాని ఆ ఎనిమిది గంటలు అది నాది. మిషిన్‌కు పాళి ఉన్నప్పుడు కట్టకు ఎందుకు ఉండొద్దు? వియ్యపురాలితో చెప్పిన. ఆమె గ్రామసభలో చెప్పింది.

ముందుగాల నవ్విన్రు. ఒకాయన, “కట్ట మీద ఆడోళ్ళకు ఏం పని?” అన్నడు. మా వియ్యపురాలు నిదానంగ అడిగింది, “కట్ట మీద కూసున్న మైసమ్మ ఎవరు బావా? ఆడదే గద?” ఇగ ఎవరూ మాట్లాడలేదు.

నలభై రెండు ఇండ్లు, దినానికి రెండిండ్లు. వానకాలం పొద్దున ఒకరు, మాపటికి ఒకరు. మిగతా కాలం వారానికోసారి. కట్ట మీద ఒక్క బారు, కట్ట కింద ఒక్క బారు నడవాలె. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నం. తారీఖు, ఇంటి పేరు, మెట్ల మీద రంగుతో గీసిన గీతలలో నీళ్ళు ఏ గీత కాడ ఉన్నయి, కాలువ నీళ్ళు తేటనా మురికినా, కొత్త తడి ఏమైనా ఉందా, పొక్కలు, మత్తడి ఖాళీగ ఉందా. రాయరానోళ్ళు బడిపిల్లలతో రాయిస్తరు. పుస్తకం తర్వాతి ఇంటికి చేతికిచ్చి రావాలె, గడప మీద పెట్టి పోవద్దు. ఈ ఒక్క నియమం నేను పట్టుబట్టి పెట్టించిన. చేతికిస్తేనే మాట మారుతది.

ఇది ఒక్క పల్లె సంగతి కాదు. 1961 జులై 12న పుణె కాడ పాన్‌షేత్ మట్టి డ్యామ్ తెగి సగం ఊరు మునిగింది. 2019 జులై 2 రాత్రి రత్నాగిరి జిల్లా చిప్లూణ్ తాలూకాలో తివరే అనే చిన్న డ్యామ్ తెగి, కింద వాడలో నిద్రపోతున్నోళ్ళు కొట్టుకపోయిన్రు. నీళ్ళు కారుతున్నయని ఊరోళ్ళు ముందే మొరపెట్టుకున్నరు. తెగినంక ఒక మంత్రి, ఎండ్రికాయలు తవ్వినయి అన్నడు. దేశం నవ్వింది, కోపం జేసింది. ఎండ్రికాయ పొక్క చేస్తది, నిజమే, మన తాతలకూ తెలుసు. కాని ఎండ్రికాయ పని అది. పొక్కను చూసి పూడ్చే మనిషి పని ఏమైంది అనేదే అడగాల్సిన మాట.

2021లో డ్యామ్‌ల భద్రతకు దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. వానకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కట్టను పరీక్ష చేయాలని అందులో ఉంది. మంచిదే. కాని అది 15 మీటర్లు దాటిన డ్యామ్‌లకు, కొన్ని షరతుల మీద 10 మీటర్లు దాటినవాటికి. ఇరై డ్యామ్ దాని కిందికి వస్తది. మా వియ్యపురాలి ఊరి చెరువు రాదు. మన పుట్టిన ఊర్ల చెరువులలో చాలామటుకు రావు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ అని చెరువులు బాగుచేసిన్రు. ఇక్కడ మహారాష్ట్రలో 2017 నుంచి చెరువుల పూడిక మట్టి తీసి పొలాలకు పోసే పథకం ఉంది. పూడిక తీస్తే నీళ్ళు ఎక్కువ నిలుస్తయి, పొలానికి బలం. అది పైసలతో, మిషిన్లతో అయ్యే పని. దినం నడిచి చూసుడు పైసల పని కాదు, అందుకే దానికి పథకం రాదు. అది ఊరే పెట్టుకోవాలె.

చంద్రపూర్ నడుమ రామాలా చెరువు ఉంది, గోండు రాజుల నాటిది. ఊరి మురికంతా అందులో చేరి పాడైతుంటే, ఇకో ప్రో అనే సంస్థ తరఫున 2021లో దాని కోసం నిరాహారదీక్ష చేసిన్రు. కోట గోడల మీద చెట్లు, చెత్త సుత వాళ్ళే 2017 నుంచి చేతులతో తీసిన్రు. పట్నంలో ఉన్నోళ్ళకు సుత చేసే పని ఉంటది అని చెప్పడానికే ఇది రాసిన.

బొంబాయిలో, భివండిలో, సూరత్‌లో, షోలాపూర్‌లో ఉన్న మనకు ఊరితో సంబంధం పండుగకే మిగిలింది. బతుకమ్మకు చాలామందిమి పోతం. ఆ పండుగ వానలు వెనకపట్టి, చెరువు నిండుగ ఉన్న దినాలలోనే వస్తది. కట్టను చూడడానికి అంతకంటే మంచి కాలం లేదు. బతుకమ్మను నీళ్ళ దిక్కు విడిచినంక, చెప్పులు విడిచి అవతలి దిక్కు కూడా కట్ట దిగండి. ఒట్టి కాళ్ళకు తడి తొందరగ తెలుస్తది. కాలువ నీళ్ళు గాజు గ్లాసులో పట్టి చూడండి. కట్ట మీద పెద్ద చెట్లు మొలిస్తే చిన్నగున్నప్పుడే వేర్లతో పీకమని చెప్పండి. మత్తడి మీద ఎవరైనా సంచులు పెట్టిన్రా చూడండి. చూసింది ఊర్లో ఒక్కరికి కాదు, పదిమంది ముందర చెప్పండి. వీలైతే ఒక నోటుబుక్కు కొనిచ్చి రండి, యాభై రూపాయలైతది.

రాజూరా పల్లెలో ఇప్పుడు రెండో పుస్తకం నడుస్తుంది. మొన్న వియ్యపురాలు ఫోన్లో చెప్పింది, ఎవరో ఒకరోజు నడవకుండనే “అంతా బాగుంది” అని రాసిన్రట. తర్వాతి పాళి ఇంటామె పోయి చూస్తే మత్తడిలో కంప అడ్డం పడి ఉందట. కంప తీసేసి, పుస్తకంలో ఆ రాత కొట్టేసి, కింద తన పేరు రాసిందట.